దివ్యాంగుల పింఛను – పని ప్రోత్సాహకాలు: పాకాల ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు రూ.6,000 అయింది. మొత్తం పెరిగిన కొద్దీ దాన్ని కోల్పోతామన్న భయం కూడా పెరుగుతుంది. సంపాదన మొదలైతే పింఛను ఒక్కసారిగా ఆగిపోయే విధంగా అర్హత నిబంధనలు ఉన్నందువల్ల, పని చేయగల దివ్యాంగులు లెక్కలోకి వచ్చే ఉద్యోగాలకు వెనకాడే పరిస్థితి ఏర్పడుతోంది. పింఛనును ‘పని చేయలేనందుకు ఇచ్చే సొమ్ము’గా కాక ‘వైకల్యం వల్ల అయ్యే అదనపు ఖర్చుకు ఇచ్చే సొమ్ము’గా నిర్వచించాలని, పనిలోకి వెళ్లేవారికి క్రమతగ్గింపు, ప్రయత్నకాలం, పునఃప్రవేశం అనే మూడు వెసులుబాట్లు కల్పించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తిరుపతి జిల్లా పాకాల మండలంలోని పని స్వభావాన్ని ఆధారంగా చేసుకుని, అమెరికా, బ్రిటన్, బ్రెజిల్ దేశాల అనుభవాలను తులనాత్మకంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పింఛను, దివ్యాంగులు, సదరం, అర్హత, పని ప్రోత్సాహకం, క్రమతగ్గింపు, పాకాల, దామలచెరువు.

1. ప్రవేశిక:

‘పింఛను’ అనే మాట తెలుగులోకి వచ్చినప్పుడు దాని అర్థం వేరు. సర్కారు కొలువు చేసి దిగిపోయినవారికి, చేసిన సేవకు ప్రతిఫలంగా జీవితాంతం ఇచ్చే సొమ్ము అది. ఇప్పుడు పల్లెలో ‘పింఛను’ అంటే మొదట తలపుకు వచ్చేది వృద్ధులకు, వితంతువులకు, దివ్యాంగులకు ఒకటో తేదీన ఇంటికి తెచ్చి ఇచ్చే సాయం. మాట ఒకటే అయినా, ఈ రెండు పింఛన్ల స్వభావంలో ఒక ముఖ్యమైన తేడా ఉంది. విశ్రాంత ఉపాధ్యాయుడు ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెప్పుకుంటే ఆయన పింఛను ఆగదు. ఆగాలని ఎవరూ అనరు కూడా. కాలు పనిచేయని యువకుడు ఒక దుకాణంలో లెక్కలు రాసుకుంటే మాత్రం ఊళ్లో మొదట వచ్చే ప్రశ్న ‘పని చేసుకుంటా ఉండాడు గదా, వానికి పింఛనెందుకు?’ అన్నదే.

ఆ ప్రశ్న వెనుక ఉన్న ఊహను నిబంధనలు కూడా మోస్తున్నాయి. పథకాల పేర్లను చూసినా ఇది అర్థమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో ‘ఎన్టీఆర్ భరోసా’, తరువాతి ప్రభుత్వంలో ‘వైఎస్సార్ పింఛను కానుక’, 2024లో తిరిగి ‘ఎన్టీఆర్ భరోసా’. తెలంగాణలో 2014లో ‘ఆసరా’. భరోసా, కానుక, ఆసరా – మూడింటిలోనూ ఇచ్చేవారు కనిపిస్తారు. తీసుకునేవారి హక్కు ధ్వనించే మాట ఒక్కటీ లేదు. కానుక ఇచ్చినవారు వెనక్కు తీసుకోవచ్చు. ఆసరా అక్కరలేదనుకుంటే తొలగించవచ్చు. పేర్ల మీద ఇంతకన్నా ఎక్కువ భారం మోపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ‘వికలాంగులు’, ‘విభిన్న ప్రతిభావంతులు’, ‘దివ్యాంగులు’ అని వ్యక్తులను పిలిచే మాట మీద జరిగినంత చర్చ వారికి అందే సొమ్మును ఏ పేరుతో, ఏ భావనతో ఇస్తున్నామన్న దాని మీద జరగలేదని మాత్రం గుర్తించాలి.

2. పింఛను నిర్మాణం:

కేంద్ర ప్రభుత్వం 1995 ఆగస్టు 15న ప్రారంభించిన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమంలో భాగంగా 2009లో ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకం వచ్చింది. దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, 80 శాతం పైగా వైకల్యమో బహుళ వైకల్యమో ఉన్నవారికి కేంద్రం ఇచ్చే వాటా నెలకు రూ.300. మిగిలిన భారమంతా రాష్ట్రాలది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 40 నుంచి 79 శాతం వైకల్యానికి రూ.1,000, 80 శాతం ఆపైన రూ.1,500గా ఉన్న పింఛను 2019 నాటికి రూ.3,000కు, 2024 జులైలో రూ.6,000కు చేరింది. మంచానికే పరిమితమైన పూర్తి వైకల్యం ఉన్నవారికి రూ.15,000 ఇస్తున్నారు. తెలంగాణలో ఈ పింఛను 2023లో రూ.4,016 అయింది. దివ్యాంగుల హక్కుల చట్టం–2016లోని 24వ సెక్షను, ఇతరులకు ఇచ్చే సాయం కన్నా దివ్యాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను రూ.4,000 కాబట్టి ఇక్కడ ఆ తేడా 50 శాతం. సొమ్ము విషయంలో రాష్ట్రాన్ని తప్పుపట్టవలసింది లేదు.

చిక్కు అర్హతలో ఉంది. సదరం శిబిరంలో వైద్యులు ధ్రువీకరించిన వైకల్యం 40 శాతమైనా ఉండాలి. ఆ తరువాత కుటుంబాన్ని పరిశీలిస్తారు. 2019 డిసెంబరులో రూపొందించిన మార్గదర్శకాల ప్రకారం కుటుంబ నెలసరి ఆదాయం గ్రామాల్లో రూ.10,000, పట్టణాల్లో రూ.12,000 మించకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటకూడదు. కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ప్రభుత్వ పింఛనుదారు గానీ, ఆదాయపు పన్ను కట్టేవారు గానీ ఉండకూడదు. పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు ఉంది. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లలోపు ఉండాలి. నాలుగు చక్రాల వాహనం ఉండకూడదు; టాక్సీ, ట్రాక్టరు, ఆటోలకు మినహాయింపు.

ఈ నిబంధనల్లో ‘పని చేయకూడదు’ అన్న వాక్యం ఎక్కడా లేదు. ఉన్నవన్నీ పేదరికపు కొలతలే. అయితే అవన్నీ కుటుంబానికి వేసిన కొలతలు, అన్నీ ఒకే గీత దగ్గర ఆగిపోయే కొలతలు. గీతకు ఇవతల రూ.6,000, అవతల సున్నా. మధ్యలో మెట్లు లేవు.

నాలుగు చక్రాల వాహనం నిబంధనను కొంచెం ఆగి చూడాలి. నడుము కింద చచ్చుబడినవారికి చేత్తో నడిపేలా మార్పులు చేసిన కారు విలాసం కాదు, పనికి వెళ్లే సాధనం. అందుకే ఎముకలు, కీళ్ల సంబంధమైన వైకల్యం ఉన్నవారు కారు కొన్నప్పుడు కేంద్ర భారీ పరిశ్రమల శాఖ పత్రం మీద జీఎస్టీలో రాయితీ ఇస్తూ వచ్చారు. ఒక ప్రభుత్వం సాధనమని గుర్తించిన వస్తువు మరో ప్రభుత్వం పట్టికలో సంపన్నతకు గుర్తు అయింది.

3. పాకాలలో పని:

పాకాల గూడూరు–కాట్పాడి, ధర్మవరం–పాకాల రైలుమార్గాలు కలిసే కూడలి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఈ మండలంలోని దామలచెరువు మామిడి మండీలకు పేరు. మే నుంచి జులై వరకు తోతాపురి, బేనీషా కాయలు బండ్ల మీద దిగుతాయి. కాయలు ఏరడం, గ్రేడు చేయడం, క్రేట్లకు ఎత్తడం, తూకం, చీటీలు రాయడం – పని రాత్రింబవళ్లు ఉంటుంది. గుజ్జు పరిశ్రమలూ ఆ నెలల్లోనే నడుస్తాయి. కాయ అయిపోతే పనీ అయిపోతుంది. మిగిలిన ఏడాదికి పాడి, చెరకు, బెల్లం, దుకాణాలు, తిరుపతికి రోజూ పోయి వచ్చే ఉద్యోగాలు.

కూర్చుని చేయగల పనులు ఇందులో తక్కువేమీ కాదు. చీటీలు రాయడం, తూకం లెక్కలు, క్రేట్ల లెక్క, ఫోనులో చెల్లింపులు చూడడం వంటివాటికి రెండు కాళ్లూ పనిచేయనవసరం లేదు. అయితే ఈ పని మూడు నెలలదే. మూడు నెలల సంపాదనను నెలసరి ఆదాయంగా లెక్కకడితే కుటుంబం గీత దాటుతుంది. పన్నెండు నెలలకు పంచితే దాటదు. ఏ విధంగా లెక్కించాలో తెలియనప్పుడు మనిషి చేసేది ఒక్కటే: జీతం కాగితం మీదికి రాకుండా చూసుకోవడం. యజమానికీ అది అనుకూలమే. పుస్తకంలో పేరు లేని కూలీకి భవిష్యనిధి, ఈఎస్‌ఐ అక్కరలేదు; కూలి ఎంత తగ్గించినా అడిగేవారుండరు. పింఛను కాపాడుకోవడానికి దివ్యాంగుడు చేసిన ఏర్పాటు చివరికి అతని కూలినే తగ్గిస్తుంది.

లెక్క వేసి చూద్దాం. ఇది ఊహించిన కుటుంబమే గానీ అంకెలు నిబంధనలవే. గ్రామంలో తల్లి, కొడుకు ఉన్నారు. తల్లి కూలి నెలకు రూ.4,000. కొడుకుకు 60 శాతం వైకల్యం, పింఛను రూ.6,000. అతనికి తిరుపతిలో రూ.9,000 జీతంతో ఉద్యోగం వచ్చింది. తల్లీకొడుకుల సంపాదన రూ.13,000 అవుతుంది, కుటుంబం అర్హత కోల్పోతుంది. అంటే రూ.9,000 సంపాదనకు రూ.6,000 పోయి మిగిలేది రూ.3,000. పాకాల నుంచి తిరుపతికి సుమారు 40 కిలోమీటర్లు. రానుపోను ఛార్జీలు, మధ్యాహ్నం భోజనం, ఆటో ఎక్కక తప్పని రోజుల ఖర్చు తీసేస్తే మిగిలేది ఏమంత ఉండదు. పైగా ఆ ఉద్యోగం ఆరు నెలలకే పోతే పింఛను వెంటనే తిరిగి వస్తుందన్న హామీ లేదు. మళ్లీ దరఖాస్తు, మళ్లీ పరిశీలన, మంజూరు కోసం ఎదురుచూపు. ఈ స్థితిలో ఉద్యోగం వద్దనుకున్నవాణ్ణి సోమరి అనడం అన్యాయం. అతను లెక్క సరిగ్గానే చేశాడు.

4. వైకల్య శాతం, పని సామర్థ్యం:

భయానికి రెండో మూలం సదరం పత్రం. కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం వైద్యులు కొలిచేది శరీరాన్ని: కీలు ఎంత వంగుతుంది, చూపు ఎంత ఉంది, చెవి ఏ స్థాయి ధ్వని వింటుంది. మనిషి ఏ పని చేయగలడన్నది ఆ కొలతలో లేదు, ఉండనవసరమూ లేదు. కానీ సామాన్యుని దృష్టిలో ఈ రెండూ కలిసిపోయాయి. 2025లో రాష్ట్రవ్యాప్తంగా దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన జరిగింది. ఆగస్టులో చాలామందికి నోటీసులు వెళ్లాయి. అభ్యంతరాలు రావడంతో అప్పీలుకు అవకాశమిచ్చారు. బోగస్ పత్రాలను ఏరివేయడం ప్రభుత్వ బాధ్యతే, అందులో తప్పు లేదు. అయితే ఆ నెలల్లో పత్రికల్లో ‘అనర్హులు’, ‘బోగస్’ అన్న మాటలు పదేపదే వినబడినప్పుడు, న్యాయంగా పత్రం పొందినవారు కూడా పని చేస్తూ కనబడడానికి జంకుతారు. మండీలో కనబడితే ఎవరైనా అర్జీ పెడతారేమోనన్న అనుమానం చాలు, మనిషిని ఇంట్లో కూర్చోబెట్టడానికి.

నిజానికి చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2016 చట్టంలోని 24వ సెక్షను పింఛనును ఒక అంశంగా, ప్రత్యేక ఉపాధి కల్పనా కేంద్రంలో నమోదై రెండేళ్లు దాటినా ఉద్యోగం దొరకనివారికి నిరుద్యోగ భృతిని మరో అంశంగా, అధిక సహాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యాన్ని ఇంకో అంశంగా పేర్కొంది. నిరుద్యోగానికి వేరే భృతిని చెప్పిందంటే, పింఛను నిరుద్యోగానికి ఇచ్చేది కాదని చట్టం ఉద్దేశించినట్లే. అదే సెక్షను పింఛనుకు ఆదాయ పరిమితి పెట్టుకోవచ్చని కూడా అన్నది. కాబట్టి పరిమితి ఉండడం చట్టవిరుద్ధం కాదు. అది ఎంత, ఎవరి ఆదాయానికి, ఏ రీతిలో అన్నది ప్రభుత్వం నిర్ణయించుకోవలసిన విషయం.

జాతీయ నమూనా సర్వే 76వ విడత (2018 జులై–డిసెంబరు) ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన దివ్యాంగుల్లో శ్రామికశక్తిలో ఉన్నవారు 23.8 శాతం మాత్రమే. పింఛను నిబంధనలే దీనికి కారణమనడం అతిశయోక్తి. చాలా రాష్ట్రాల్లో పింఛను పనికి అడ్డుపడేంత పెద్ద మొత్తమే కాదు. చదువు, రవాణా, యజమానుల సంకోచం పెద్ద కారణాలు. కానీ రూ.6,000 ఇస్తున్న రాష్ట్రంలో నిబంధనల పాత్ర రూ.300 నాటి పాత్ర కాదు.

5. ఇతర దేశాల అనుభవం:

అమెరికాలో సామాజిక భద్రత వైకల్య బీమా పొందేవారికి తొమ్మిది నెలల ‘ప్రయత్న ఉద్యోగకాలం’ ఉంది. 60 నెలల వ్యవధిలో ఏ తొమ్మిది నెలలు పని చేసినా, ఎంత సంపాదించినా భృతి తగ్గదు. ఆ తరువాత 36 నెలల పాటు, సంపాదన పరిమితి దాటని నెలలో భృతి తిరిగి వస్తుంది. పని వల్ల భృతి ఆగిపోయినవారు ఐదేళ్లలోపు మళ్లీ పని చేయలేకపోతే కొత్త దరఖాస్తు లేకుండానే త్వరితగతిన పునరుద్ధరణ కోరవచ్చు. పేదలకిచ్చే మరో భృతిలో సంపాదన నుంచి మొదటి 65 డాలర్లు వదిలేసి, మిగిలినదానిలో సగమే లెక్కిస్తారు. 1999 డిసెంబరు 17న సంతకమైన ‘టికెట్ టు వర్క్’ చట్టం శిక్షణ, ఉద్యోగ సేవలను ఎంచుకునే అవకాశాన్ని లబ్ధిదారులకే ఇచ్చింది.

ఈ అనుభవంలో మనం నేర్చుకోవలసిన లోపాలూ ఉన్నాయి. ఆ 65 డాలర్ల మినహాయింపు 1970ల నాటిది, ధరలతో పాటు పెరగలేదు. బీమా భృతిని రెండు డాలర్ల సంపాదనకు ఒక డాలరు చొప్పున తగ్గించి చూసిన పెద్ద ప్రయోగంలో సగటు సంపాదన చెప్పుకోదగినంత పెరగలేదని మూల్యాంకనం తేల్చింది. లెక్కల్లో మెట్లు కట్టినంత మాత్రాన బస్సు మెట్లు ఎక్కలేనివారు పనికి చేరలేరు. ప్రోత్సాహకం అడ్డు తీయగలదు గానీ దారి వేయలేదు.

బ్రిటన్‌లో 2013లో వచ్చిన వ్యక్తిగత స్వావలంబన భృతి వేరే తర్కంతో నడుస్తుంది. అది వైకల్యం వల్ల రోజువారీ జీవితంలో, కదలికలో ఎదురయ్యే ఇబ్బందిని చూసి ఇచ్చేది. ఉద్యోగం ఉన్నా లేకపోయినా వస్తుంది, ఆదాయ పరిమితి లేదు.

మనకు దగ్గరగా ఉన్నది బ్రెజిల్. అక్కడ పేద దివ్యాంగులకు ఒక కనీస వేతనానికి సమానమైన భృతి ఉంది. మనలాగే కుటుంబ ఆదాయమే కొలత. అక్కడా ఉద్యోగంలో చేరితే భృతి ఆగేది. 2021లో తెచ్చిన చట్టంతో, మధ్యస్థ లేదా తీవ్ర వైకల్యం ఉండి రెండు కనీస వేతనాలలోపు జీతంతో నమోదైన ఉద్యోగంలో చేరినవారికి ఆ భృతిలో సగాన్ని ‘చేరిక సాయం’గా ఇస్తున్నారు. ఉద్యోగం పోతే పాత భృతికి తిరిగి రావచ్చు. నమోదుకాని కూలి నుంచి నమోదైన ఉద్యోగానికి రప్పించడానికే డబ్బు ఇస్తున్నారన్నది ఇక్కడ గమనించవలసింది. పాకాల సమస్య అదే.

6. మనకున్న ప్రోత్సాహకాలు:

పని ప్రోత్సాహకాలు మన దేశానికి కొత్త కాదు. 2008 ఏప్రిల్ 1 నుంచి, నెలకు రూ.25,000 వరకు జీతమున్న దివ్యాంగ ఉద్యోగుల విషయంలో యజమాని కట్టవలసిన భవిష్యనిధి, ఈఎస్‌ఐ వాటాలను మూడేళ్లు కేంద్రమే భరించే పథకం వచ్చింది. 2016 చట్టం 35వ సెక్షను, సిబ్బందిలో కనీసం 5 శాతం దివ్యాంగులు ఉండేలా ప్రైవేటు యజమానులకు ప్రోత్సాహకాలు ఇవ్వాలంటుంది. ఇవన్నీ యజమానికి ఇచ్చేవి. ఉద్యోగంలో చేరే మనిషి ఏం కోల్పోతాడన్న లెక్క వీటిలో లేదు. ఒక చేత్తో భవిష్యనిధి కట్టి పుస్తకంలోకి రమ్మంటూ, మరో చేత్తో పుస్తకంలోకి వచ్చినందుకు పింఛను తీసేస్తున్నాం.

దీనికి భిన్నమైన నమూనా కూడా తెలుగు నేల మీదే ఉంది. 2005 ఉపాధి హామీ చట్టం అమలులో భాగంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగులకు ప్రత్యేక శ్రమశక్తి సంఘాలు ఏర్పాటుచేశారు. చేయవలసిన పని పరిమాణంలో వెసులుబాటు ఇచ్చి కూలి ఇచ్చారు. వైకల్యం ఉన్నదని ఒప్పుకుంటూనే పనిచేసే మనిషిగా గుర్తించిన పద్ధతి అది.

7. ప్రతిపాదనలు:

అన్నిటికన్నా ముఖ్యమైనది క్రమతగ్గింపు. పైన చెప్పిన తల్లీకొడుకుల లెక్కనే తీసుకుందాం. కొడుకు జీతంలో మొదటి రూ.4,000ను వదిలేసి, మిగిలిన రూ.5,000లో సగం అంటే రూ.2,500 పింఛను నుంచి తగ్గించామనుకుంటే, అతనికి రూ.3,500 పింఛను మిగులుతుంది. జీతంతో కలిపి చేతికి రూ.12,500 వస్తుంది. ఇప్పటి నిబంధనలో వచ్చేది రూ.9,000. ప్రభుత్వానికీ నెలకు రూ.2,500 ఆదా అవుతుంది. అతను ఇంట్లోనే కూర్చుంటే ఆ ఆదా కూడా ఉండదు. పింఛను రద్దయితే రూ.6,000 మిగులుతుందన్న వాదన కాగితం మీద నిజం. రద్దవుతుందని తెలిసినవాడు ఆ ఉద్యోగంలో చేరడు కాబట్టి ఆ మిగులు ఖజానాకు చేరదు. వదిలేసే మొత్తాన్ని పింఛనుతో పాటే పెంచాలి. లేకపోతే అమెరికా 65 డాలర్ల గతే పడుతుంది.

ఆదాయాన్ని ఏడాదికి లెక్కించడం మామిడి సీజను వంటి పనులకు అవసరం. ప్రయత్నకాలం కూడా అలాగే ఉండాలి. వరుసగా తొమ్మిది నెలలు కాక, మూడు సీజన్లకు పంచుకునేలా ఉంటేనే దామలచెరువు మండీలో పనిచేసేవారికి ఉపయోగం. ఉద్యోగం పోయినప్పుడు పాత పింఛను సంఖ్య మీదే మరుసటి నెల నుంచి సొమ్ము రావాలి. శాశ్వత వైకల్యమని ఒకసారి ధ్రువీకరించినవారిని దానికోసం మళ్లీ సదరం శిబిరానికి పంపనవసరం లేదు. ఇంటింటికి వెళ్లి పింఛను ఇచ్చే సచివాలయ సిబ్బంది ఉన్న రాష్ట్రంలో ఈ మార్పులను నమోదు చేసుకోవడం కష్టమైన పని కాదు.

కుటుంబ ఆదాయం అన్న కొలతను ఒక్కసారిగా తీసేయడానికి ఖర్చు అడ్డురావచ్చు. కనీసం దివ్యాంగుని సొంత సంపాదనను కుటుంబ ఆదాయంలో కలపకుండా వదిలేస్తే చాలావరకు చిక్కు తీరుతుంది. ఇది ముఖ్యంగా స్త్రీలకు అవసరం. కుటుంబానికి వచ్చే పింఛను తన సంపాదన వల్ల ఆగిపోతుందంటే, ఆమెను పనికి పంపాలా వద్దా అన్నది ఆమె చేతిలో ఉండదు.

మంచానికే పరిమితమై రూ.15,000 పొందేవారిని ఈ చర్చలోకి లాగకూడదు. పని ప్రోత్సాహకాల పేరుతో, పని చేయలేనివారిని ‘ఎందుకు చేయవు’ అని అడిగే పరిస్థితి కొన్ని దేశాల్లో వచ్చింది. అందువల్ల ప్రోత్సాహకం ఎప్పుడూ ఐచ్ఛికంగానే ఉండాలి. వాడుకోనివారి పింఛను ఒక్క రూపాయి తగ్గకూడదు.

ఈ మార్పులకు చట్టసభ దాకా వెళ్లనవసరం లేదు. పింఛను అర్హతలు ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఉన్నవే. మరో ఉత్తర్వుతో మారేవే. ఆ ఉత్తర్వులో మొదటి నిబంధన ఇలా ఉండవచ్చు: ‘పింఛను పొందుతున్న దివ్యాంగ వ్యక్తి పని చేయడం గానీ, వేతనం పొందడం గానీ అతని లేదా ఆమె వైకల్య ధ్రువీకరణను పునఃపరిశీలించడానికి కారణం కాజాలదు.’